సముద్రపు రేసుకి డబ్బిచ్చి ప్రొఫెషనల్స్‌ని ఎక్కించుకోవాలా?

ఉప్పుగాలి:
మాది 40 అడుగుల తెరచాప పడవ. తొమ్మిది మందిమి, నాలుగు సీజన్లుగా కలిసి తిరుగుతున్నాం. అందరికీ వేరే ఉద్యోగాలున్నాయి. ఈసారి 600 నాటికల్ మైళ్ల రేసుకి పేరిచ్చాం. ఇప్పుడు ఓనర్ గారు ముగ్గుర్ని దింపేసి, జీతానికి ప్రొఫెషనల్స్‌ని పెట్టుకుందాం అంటున్నారు. పైకి చెప్పే కారణం సేఫ్టీ. నాకైతే కప్పు మీద కన్ను పడిందనిపిస్తోంది. దిగాల్సిన ముగ్గురూ సెలవులన్నీ పడవ అడుగు గీకుతూ, రంగు వేస్తూ గడిపినవాళ్లే. ఇది న్యాయమేనా?

చుక్కాని:
న్యాయం సంగతి తర్వాత. 1979 ఫాస్ట్‌నెట్ రేసులో (ఇంగ్లండ్ నుంచి బయల్దేరే తెరచాప పడవల పోటీ) తుఫాను కొట్టి, 303 పడవలు బయల్దేరితే 86 మాత్రమే పూర్తి చేశాయి. 15 మంది పోటీదారులు చనిపోయారు. ఆ రేసులో నన్ను ఇప్పటికీ వదలని లెక్క వేరే ఉంది. 24 పడవల్ని సిబ్బంది వదిలేశారు, వాటిలో 19 తర్వాత దొరికాయి. లైఫ్‌రాఫ్ట్‌ని (ప్రాణాలు కాపాడుకునే గాలి తెప్పని) నమ్ముకున్నవాళ్లలో కొందరు దక్కలేదు, వాళ్లు వదిలిన పడవ మాత్రం తేలుతూనే ఉంది. “ఇంకా మునగలేదు, ఎవరూ కదలొద్దు” అని గట్టిగా చెప్పే మనిషి ఒక్కరైనా ఉండాలి. చీకటి పడేలోపు ఒడ్డుకొచ్చేసే మనకి ఆ గొంతు ఎక్కడినుంచి వస్తుంది?

కట్టుతాడు:
చుక్కాని గారూ, ఆస్ట్రేలియాలో 1998 సిడ్నీ-హోబార్ట్ రేసు కూడా చూడండి. 115 పడవల్లో 44 చేరాయి, ఆరుగురు పోయారు. వాళ్లలో గ్లిన్ చార్ల్స్ ఒకరు. 1996 ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున పోటీపడ్డ సెయిలర్. ఆయన ఉన్న పడవ స్వోర్డ్ ఆఫ్ ఓరియన్ అలకి తిరగబడినప్పుడు ఆయన్ని పడవకి పట్టి ఉంచాల్సిన తాడు, టెదర్, తెగింది. ఆయన అనుభవానికి వంక పెట్టగలవాళ్లు ఇక్కడెవరూ లేరు. కానీ టెదర్ బలం చూసుకోవడానికి ఒలింపియనే అక్కర్లేదు కదా, పడవ అడుగు గీకిన ఆ ముగ్గురూ చూడగలరు.

ఇక కప్పు అంటారా? 2013 ఫాస్ట్‌నెట్‌లో హ్యాండిక్యాప్ మీద (పడవని బట్టి టైము సరిచేసే లెక్కలో) మొత్తం రేసు గెలిచిన నైట్ అండ్ డే పడవలో ఉన్నది ఇద్దరే, తండ్రీ కొడుకులు.

చుక్కాని:
ఆ కొడుకు అలెక్సీ లువాజోఁ ఫిగారో రేసుల్లో (ఒక్కరే పడవ నడిపే ఫ్రెంచ్ పోటీలు) నలిగినవాడు. అది చెప్పడం మర్చిపోయారు :)

అర్ధరాత్రి వాచ్:
రెండు రకాల ప్రొఫెషనల్స్‌తోనూ తిరిగాను కాబట్టి చెప్తున్నా.

మొదటాయన రెండు ప్రాక్టీస్ వారాంతాల్లో ఒక్కసారి కూడా హెల్మ్ (పడవని తిప్పే చక్రం) పట్టలేదు. పడవలో లాకర్లన్నీ తెరిపించాడు. లైట్లన్నీ ఆర్పేసి, ఎమర్జెన్సీ టిల్లర్ (స్టీరింగ్ పాడైతే పడవని తిప్పే పిడి) తెమ్మన్నాడు. ఆరు నిమిషాలు వెతికాం. చివరికి స్పేర్ తెరచాపల కింద దొరికింది, బిగించే బోల్టు మాత్రం లేదు. సీసిక్‌నెస్ ఎవరికొస్తుందో ఒక్కొక్కరినీ పక్కకి పిలిచి అడిగాడు, అందరి ముందూ అడిగితే ఎవరూ ఒప్పుకోరని. రేసులో రెండో రాత్రి గాలి పెరిగి రీఫ్ వేయాల్సొస్తే (తెరచాప కొంత మడిచి కట్టాల్సొస్తే) ఆయన బంక్‌లో పడుకునే ఉన్నాడు. మేమే వేశాం. పొద్దున కాఫీ తాగుతూ “మూడుసార్లు లేద్దామనుకున్నా” అన్నాడు.

రెండో బృందం వేరే పడవలో. ముగ్గురు, చాలా వేగంగా నడిపే మనుషులు. మేం ఆరుగురం బరువు కోసం పడవ అంచు మీద కాళ్లు వేలాడేసి తడుస్తూ కూర్చున్నాం, ఇసుక బస్తాల్లాగా. నావిగేషన్ స్క్రీన్ దగ్గరికి వెళ్తే విసుక్కునేవారు. రెండో రోజు వాళ్ల నావిగేటర్ వాంతులతో పడిపోయాడు. వాతావరణ ఫైల్ ఎలా తెరవాలో మాలో ఒక్కరికీ తెలీదు! మంచి స్థానమే వచ్చింది. మళ్లీ సీజన్‌కి మాలో నలుగురు ఆ పడవ ఎక్కలేదు.

కాబట్టి ఉప్పుగాలి గారూ, వచ్చేవాళ్లు రేసు రోజు వస్తారా, రెండు నెలల ముందు వస్తారా అని అడగండి. రేసు రోజే బ్యాగుతో దిగేవాళ్లకి ఒక్క బెర్తు కూడా ఇవ్వొద్దనే నేనంటాను.

కట్టుతాడు:
దీనికి ఒప్పుకుంటా. క్లిప్పర్ రౌండ్ ద వరల్డ్ రేసులో డబ్బు కట్టి ఎక్కే సిబ్బందికి ముందు శిక్షణ ఇచ్చి, ఆ తర్వాతే ప్రొఫెషనల్ స్కిప్పర్‌తో సముద్రం దాటిస్తారు. ఇంకో మాట, రేసు నోటీసు ఒకసారి చదవండి. వరల్డ్ సెయిలింగ్ (ఈ ఆటకి అంతర్జాతీయ సంస్థ) లెక్కలో అమెచ్యూర్లు గ్రూప్ 1, ప్రొఫెషనల్స్ గ్రూప్ 3. కొన్ని పోటీల్లో గ్రూప్ 3 వాళ్ల సంఖ్యకి పరిమితి ఉంటుంది.

చుక్కాని:
ముగ్గురు ఎక్కువే, సరే. కానీ నేను చెప్పిన ఆ గట్టి గొంతు మనిషి ఒక్కరి కోసమైనా మీలో ఒకరు దిగాలి. అది ఎవరో తేల్చుకోకుండా ఓనర్ దగ్గరికి వెళ్తే ఆయనే తేల్చేస్తారు.

ఉప్పుగాలి:
ఎవరు దిగాలన్నది ఇంకా తేలలేదు. ఈలోగా మా గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను, “ఎమర్జెన్సీ టిల్లర్ ఎక్కడుంది?” అని. తొమ్మిది మందిలో ఇద్దరే జవాబిచ్చారు. ఒకరు వెనక లాకర్లో ఉందన్నారు.

రెండో జవాబు ఓనర్ గారిది. రంగు వేసేటప్పుడు అడ్డమని తీసి, వాళ్ల గ్యారేజ్‌లో పెట్టారట.