‘అమాయకుడు’ అనే మాట, పార్వతీశం, మన సరిహద్దు వాడుక

బరంపురం సభ్యుడు:

మిత్రులకు నమస్కారం. ఒడిశా సరిహద్దు ఊళ్ళలోని తెలుగువాళ్ళం మనమంతా కలిసి చదివిన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి హాస్య నవల ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం మీద వచ్చిన అభిప్రాయాలన్నీ నిన్న రాత్రి మళ్ళీ వరుసగా చదివాను. పుస్తకం నచ్చినవారూ, నచ్చనివారూ ఒకే మాటను ఆశ్రయించడం నాకు ఆశ్చర్యం కలిగించింది. నచ్చినవారు ‘ఎంత అమాయకుడో!’ అని మురిసిపోయారు. నచ్చనివారు ‘పల్లెటూరి అమాయకుణ్ణి పట్టుకొని ఇంతగా నవ్వులపాలు చేయాలా?’ అని నొచ్చుకున్నారు. ఈ మాటకు ఎవరు ఏ అర్థం చెప్పుకొంటున్నారో తేలనిదే పుస్తకం మీద తగవు తేలదని నా నమ్మకం.

మాయ లేనివాడు అమాయకుడు. మాయ అంటే ఇక్కడ కపటం. ఉన్నదాన్ని దాచి లేనిదాన్ని చూపడం. ఆ లెక్కన ఈ మాటకు ఎదురుమాట ‘కపటి’ అవుతుందే కాని ‘తెలివైనవాడు’ కాదు. అయితే మన ఇళ్ళల్లో ఈ మాటకు ముందు ‘పాపం’ అనే మాట దాదాపు విధిగా వచ్చి చేరుతుంది. ‘పాపం, అమాయకుడు’ అన్నామంటే లోకం తెలియనివాడనీ, ఎవరైనా ఇట్టే మోసగించగలరనీ అర్థం. అలా అది క్రమంగా వెర్రిబాగులవాడు, తింగరివాడు, బుద్ధావతారం వంటి మాటల సరసకు దిగజారింది.

ఈ దిగజారుడు తెలుగులో జరిగినట్టు పక్క భాషలో జరగలేదని నాకు తెలిసింది ఒక సంతాపసభలో. కొన్నేళ్ళ క్రితం మా వీధిలో పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారు కాలం చేస్తే, పొరుగున ఉండే ఒడియా పెద్దమనిషి లేచి, కళ్ళనీళ్ళు పెట్టుకొని, ఆయనది ఎంతో ‘అమాయిక వ్యవహార’మని చెప్పారు. మాస్టారి కొడుకులు ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన తండ్రిని నలుగురిలో అమాయకుడంటారా అని వారి బాధ. ఒడియాలో వ్యవహారమంటే నడవడిక అనీ, గర్వమూ కల్లాకపటమూ లేకుండా అందరితో కలుపుగోలుగా ఉండే మనిషిని అమాయికుడంటారనీ, అది అక్కడ నిండైన మెప్పు అనీ, బెంగాలీలో కూడా ఆ మాటకు ఇదే గౌరవం ఉన్నదనీ మేము తరువాత వివరించవలసి వచ్చింది. ఒకే సంస్కృత పదం అటు మర్యాదగానూ, ఇటు జాలిగానూ ఎదిగింది. రెండు భాషల మధ్య బతికే మనకు ఈ తేడా చెవిన పడినంతగా మరొకరికి పడదు.

ఇక పార్వతీశం దగ్గరకు వస్తాను. మొగల్తూరు కుర్రవాడు బారిస్టరు కావాలని ఇంగ్లండు బయలుదేరి, దారిలో దొరసానులు పెట్టుకొనే టోపీని మగవారి టోపీ అనుకొని కొనుక్కుంటాడు. ఇది తెలియనితనం, అందులో సందేహం లేదు. కాని ఈ సంగతి మనకు చెప్పినది ఎవరు? పార్వతీశమే. కథంతా ‘నేను’ అంటూ సాగుతుంది. తాను తెలివితక్కువగా ప్రవర్తించిన ఘట్టాన్ని దాచుకోకుండా, తప్పు ఇంకొకరి మీదికి నెట్టకుండా చెప్పేవాడి దగ్గర మాయ లేదు. అందుచేత టోపీ కొన్న పార్వతీశం తెలియనివాడు, ఆ సంగతి చెప్పిన పార్వతీశం అమాయకుడు. నేను రెండవవాణ్ణి చూసి నవ్వాను, ఆ నవ్వులో నాకు చిన్నచూపు కనిపించలేదు.

ఇది గోదావరివారి హాస్యం, మనకు పట్టుబడదని ఒకరు రాశారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. ఈ భాగం వెలువడిన 1924లో మొగల్తూరూ, బరంపురమూ ఒకే మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) ఉండేవి. ఒడిశా వేరు రాష్ట్రమైనది 1936 ఏప్రిల్ 1న. సరిహద్దు గీత తరువాత వచ్చింది, నవ్వు అంతకు ముందే ఉంది.

పర్లాకిమిడి సభ్యురాలు:

మాస్టారూ, మీ వ్యుత్పత్తి బాగున్నది కాని నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి మనిషిని నేను. జనం నోట ఉన్నదే భాష అని ఆయన జీవితమంతా వాదించారు. జనం ‘అమాయకుడు’ అన్నప్పుడు లోకం తెలియనివాడనే అర్థం చేసుకుంటున్నారు కనుక, ధాతువును తవ్వి తీసిన అర్థాన్ని పాఠకుల నోట్లో పెట్టడం న్యాయం కాదు. రెండవది ఇంకా ముఖ్యం. ఇది స్వీయచరిత్ర కాదు, నవల. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు స్వయంగా ఎడింబరో వెళ్ళి చదువుకొని వచ్చినవారు. అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియని మనిషి చేత ‘నేను’ అనిపించాడు. అమాయకత్వం పార్వతీశానిదైతే, మాయ రచయితది కాదా?

గుణుపురం సభ్యురాలు:

నాకు ఆ పుస్తకం నవ్వు తెప్పించలేదు, ఎందుకో చెప్పుకొంటాను. మా పెదతాత గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగం వెళ్ళాడు. బర్మాలోని రంగూనును మా వాళ్ళు రంగం అంటారు. ఓడలో ఏం తినాలో, దిగాక ఎవరిని ఏమని పిలవాలో ఆయనకూ తెలియదు. ఆయన తప్పులు చూసి నవ్వినవాళ్ళు కూలిడబ్బులు కూడా కాజేశారని మామ్మ చెప్పేది. తెలియనివాడు ఓడ ఎక్కాడనగానే నాకు ఆయనే గుర్తుకు వస్తాడు.

బరంపురం సభ్యుడు:

అమ్మా, పర్లాకిమిడి నుంచి మీరు లేవనెత్తిన మొదటి అభ్యంతరానికి జవాబు వాడుకలోనే ఉన్నది. ‘అమాయకులు బలైపోయారు’ అని పత్రికల్లో చదివినప్పుడు మనలో ఎవరూ తెలివితక్కువవాళ్ళు బలైపోయారని అనుకోరు; ఏ పాపమూ ఎరుగనివారనే అనుకుంటాము. పసిపిల్లవాడి అమాయకపు చూపు అన్నప్పుడు కూడా అంతే. జనం నోట ఈ మాటకు రెండు అర్థాలూ బతికే ఉన్నాయి. నేను కొత్త అర్థమేదీ తవ్వి తీయలేదు, పక్కకు జరిగిపోతున్న అర్థాన్ని చూపించాను. రెండవ అభ్యంతరం దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. నవలను ఆత్మకథలాగా చదివి కథకుడికి ఇవ్వవలసిన మెప్పునూ, రచయితకు ఇవ్వవలసిన మెప్పునూ కలిపేశాను. అయినా ఒక్క మాట చెప్పుకోనివ్వండి. అంతా తెలిసినవాడు తెలియనివాణ్ణి దూరం నుంచి చూసి ‘వాడు’ అని కథ చెప్పి ఉంటే అది ఎగతాళి అయ్యేది. ‘నేను’ అనడంతో రచయిత ఆ నవ్వును తన మీదికి కూడా తెచ్చుకున్నారు.

గుణుపురం అమ్మా, మీ పెదతాతగారి సంగతి చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పార్వతీశం తిరిగివచ్చి తన కథ తానే చెప్పుకోగలిగాడు. రంగం వెళ్ళినవారిలో ఎందరికో ఆ అవకాశం దొరకలేదు. మీరు నవ్వలేకపోవడాన్ని పుస్తకం మీద అభిప్రాయంగానే లెక్కపెట్టాలి, రసజ్ఞత చాలక అన్నమాటగా కాదు. ఒక్క సంగతి అడుగుతాను. మీ మామ్మగారు ఆయనను తలుచుకునేటప్పుడు ఏ మాట వాడేవారు?

గుణుపురం సభ్యురాలు:

అమాయకుడని మామ్మ ఎన్నడూ అనలేదు. ‘బోళా మడిసి’ అనేది. డబ్బు కాజేసినవాళ్ళను తిట్టిన తరువాత, గొంతు తగ్గించి, ఆ మాట అనేది.