రోజంతా కౌంటర్ దగ్గర నిలబడే పని. 800 లోపు, ఛాతీ చదునుగా కనబడేలా లోపల వేసుకునే బైండర్ ఏదైనా ఉందా?

గోదారిగట్టు:

నమస్కారమండి. రాజమండ్రిలో ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ చేస్తాను. ట్రాన్స్‌మాన్‌ని (ఆడపిల్లగా పుట్టినా నేను మగవాడినే), 23 ఏళ్లు. ఇంట్లో అమ్మ, అక్క. అక్కకి తెలుసు, అమ్మకి ఇంకా చెప్పలేదు. షాపు యూనిఫాం లేత పసుపు టీషర్టండి, పల్చటి గుడ్డ. ఆ రంగు ఎంచినాయన నా మీద పగబట్టి ఎంచినట్టే ఉంటుంది. పైన ఇంకో చొక్కా వేసుకోనివ్వరు.

ప్రస్తుతానికి మోకాలి నొప్పికని చెప్పి మెడికల్ షాపులో కొన్న ఆరంగుళాల క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని వెళ్తున్నా. పొద్దున్న బాగానే ఉంటుంది. మధ్యాహ్నం దాటేసరికి కింది పక్కటెముకలు పట్టేస్తాయి. బియ్యం బస్తా స్కాన్ చేయడానికి వంగితే ఊపిరి సగంలో ఆగిపోతుంది. చంకల కింద చెమటకాయలు, ఒరుసుకుపోయి మంట. మే నెల రాజమండ్రి ఎండ గురించి మీకు వేరే చెప్పాలా.

జీసీటూబీ లాంటి అమెరికా బైండర్లు చూశానండి. రేటు, షిప్పింగు, కస్టమ్స్ కలిపి చూసుకుని ఫోన్ పక్కన పెట్టేశా. నా దగ్గరున్నది 800. పైగా ఇంటికి ఏ పార్సిల్ వచ్చినా, ఎవరి పేరు మీద వచ్చినా, అమ్మే విప్పుతుంది. పది గంటల డ్యూటీకి తట్టుకునేది ఏదైనా ఉంటే చెప్పండి. ఆపరేషన్ చేయించుకోమని మాత్రం అనకండి, దానికోసమే డబ్బు దాస్తున్నా.

ఉప్పుగాలి (విశాఖ):

తమ్ముడూ, ముందు ఆ క్రేప్ బ్యాండేజీ తీసి అవతల పడెయ్. రేపటి నుంచి కాదు, ఈరోజే. అది వాచిన కాలిని బిగించి పట్టడానికి తయారుచేసింది. ఊపిరి వదిలినప్పుడల్లా ఇంకాస్త బిగుస్తుంది, పీల్చినప్పుడు మాత్రం సరిపడా వదలదు. చుట్టూ ఒకే బిగువు కాబట్టి ఆ బరువంతా పక్కటెముకల మీదే. నువ్వు చెప్పిన పట్టేయడం అదే. అసలు బైండర్‌లో ముందువైపు మాత్రమే సాగని గుడ్డ ఉంటుంది, వీపు సాగుతుంది. ఊపిరితిత్తులకి ఆ వీపు వైపే చోటు దొరుకుతుంది.

800లో రెడీమేడ్ అంటే దొరికేది గైనకోమాస్టియా వెస్టు, అంటే రొమ్ము పెరిగిన మగాళ్లు ఛాతీ కనబడకుండా వేసుకునే బిగువు బనియన్. ఆన్‌లైన్‌లో 500 నుంచి మొదలు. ఒక లాభమేటంటే, డబ్బా మీద కండలు తిరిగిన మగాడి బొమ్మ, పొట్ట తగ్గించే బనియన్ అని రాసుంటుంది. మీ అమ్మగారు విప్పినా జిమ్ పిచ్చి పట్టిందనుకుంటారు. నష్టం కూడా చెప్తాను. అది ఛాతీ కంటే పొట్టని ఎక్కువ నొక్కుతుంది, కూర్చుంటే కిందనుంచి చుట్టుకుని పైకొచ్చేస్తుంది. ఛాతీ చిన్నదైతే పనైపోతుంది, పెద్దదైతే డబ్బు దండగ. నాకు దండగైంది.

అది కూడా వద్దంటే గట్టి గుడ్డతో మెడ దగ్గరకంటా ఉండే స్పోర్ట్స్ బ్రా ఒకటి, నీ కొలతకి సరైనదే తీసుకుని, పైన చేతుల బనియన్ వెయ్. చిన్న సైజు కొంటే ఇంకా చదునుగా ఉంటుందన్న ఆశతో మనవాళ్లందరూ ఒకసారి కొంటారు. ఉండదు. గుడ్డ అంచు దగ్గర కండ పొంగి చొక్కాలోంచి గీత కనబడుతుంది, అంతే. ఒకదాని మీద ఒకటి రెండు బైండర్లు వేసే పని కూడా పెట్టుకోకు.

మెషిన్ ఆంటీ (కూకట్‌పల్లి):

బాబూ, నేను జాకెట్లు కుడతాను. మా అబ్బాయి స్నేహితుడు ఒకతను అడిగితే మొదలుపెట్టాను, ఇప్పుడు వాళ్లవాళ్లు అడపాదడపా వస్తుంటారు. 800 అక్కర్లేదు. మీ ఊళ్లో తాడితోట బట్టల మార్కెట్ ఉంది కదా, అక్కడ అన్నీ దొరుకుతాయి. గుడ్డకి 250, కూలి 300 అనుకో, ఏ టైలరైనా కుట్టగలరు. కాకపోతే ఎలా కుట్టాలో నువ్వే చెప్పాలి, ఎందుకంటే మేం నేర్చుకున్నదంతా దీనికి తలకిందులు. జాకెట్టుకి డాట్లు వేసేదే ఛాతీకి ఆకారం నిలవడానికి. దీనికి ఒక్క డాటు కూడా ఉండకూడదు. ముందు భాగం ఒకే ముక్క, బల్లపరుపుగా.

ఆ ముందు ముక్క రెండు పొరలు పాప్లిన్, నిలువు పోగు అడ్డంగా వచ్చేలా కత్తిరించాలి, అప్పుడే అడ్డానికి సాగదు. ఒంటికి తగిలే వైపు మల్లు గుడ్డ లైనింగు, చెమట పీలుస్తుంది. వీపు ముక్కకి లెగ్గింగులు కుట్టే లైక్రా. అడుగున ఎలాస్టిక్ పట్టీ వద్దు, అక్కడే ఒరుసుకుంటుంది. రెండంగుళాలు పొడుగు వదిలి ప్యాంటులోకి దోపుకో. చంక మాత్రం జాకెట్టు చంక కంటే అరంగుళం లోతు తియ్యమను.

తలమీంచి వేసుకునేలా కుట్టించకు. చెమట ఒంటి మీద అది చంకల దగ్గర ఇరుక్కుందంటే ఎక్కదు, దిగదు. పక్కన హుక్కులు పెట్టించు, మూడు వరసల కాజాలతో. పొద్దున్న నడుచుకుంటూ వెళ్లేటప్పుడు వదులు వరసలో, కౌంటర్ దగ్గర బిగువు వరసలో, భోజనానికి పూర్తిగా విప్పి. చొక్కా తీయక్కర్లేదు, కింద నుంచి చెయ్యి పెడితే చాలు.

కొలత ఇచ్చేటప్పుడు ఊపిరి నిండా పీల్చి, పట్టుకుని, అప్పుడు టేపు చదవాలి. చాలామంది పొట్ట లోపలికి లాగి కొలిచి ఇస్తారు, తర్వాత ఆంటీ బిగువైందంటారు. ఛాతీ, ఛాతీ కింద, భుజం నుంచి నడుం వరకు, ఈ మూడూ కావాలి. కుట్టాక రెండు చేతులూ పైకెత్తి చూడు, చంక దగ్గర రెండు వేళ్లు పట్టాలి. వేసుకున్నాక ఛాతీని చేత్తో కిందికీ పక్కకీ సర్దుకోవాలి. మధ్యకి తోస్తే దిబ్బలాగే కనబడుతుంది.

కొండాపూర్ హాస్టల్:

అన్నా, నేను కినీసియాలజీ టేప్ వాడుతా, ఆటగాళ్లు భుజాలకి అంటిస్తరు చూడు, అదే. ఛాతీ ముందు నుంచి చంక దిక్కు లాగి అంటించాలె, రెండు పక్కలా వేరువేరుగా. వీపు మీదికి తిప్పి చుట్టొద్దు, చుడితే మళ్ల నీ క్రేప్ బ్యాండేజీ కథనే. చనుమొనల మీద చిన్న దూది ముక్క పెట్టు. పీకేటప్పుడు కొబ్బరినూనె దండిగ పూసి పావుగంట ఆగు, పొడిగ పీకితే తోలు ఊడొస్తది. చలికాలం మస్తుగుంటది, లోపల ఏం వేసుకోనట్టే ఉంటది. గానీ మీ దిక్కు ఎండకి, ఆ చెమటకి నిలుస్తదని మాటియ్యలేను. ఇప్పటికే చెమటకాయలు ఉన్నయంటున్నవ్ కాబట్టి అవి మానేదాకా అసలే వద్దు.

కీళ్లనొప్పులు (ఫిజియోథెరపిస్ట్, గుంటూరు):

పైన చెప్పినవన్నీ సరైనవే, కాకపోతే ఇప్పుడున్న నొప్పి సంగతి ముందు తేల్చుకోండి. దగ్గినా తుమ్మినా ఒకేచోట పోటు వస్తోందా? వేలితో నొక్కితే అదే చోట నొప్పా? అయితే ఎక్స్‌రే తీయించండి. డాక్టర్‌కి అసలు కారణం చెప్పడం ఇష్టం లేకపోతే నడుము బెల్టు బిగించుకున్నానని చెప్పినా పరీక్ష అదే. నొప్పి పూర్తిగా తగ్గేదాకా కొత్త బైండర్ కూడా వేయకండి.

2016లో బైండింగ్ మీద వచ్చిన ఒక అధ్యయనంలో 1,800 మందిని అడిగారు. 97 శాతానికి పైగా ఏదో ఒక ఇబ్బంది ఉందన్నారు, ఎక్కువమందికి వీపు నొప్పి, ఒంట్లో వేడి. భయపెట్టడానికి కాదు. అందులో నాకు పనికొచ్చింది ఇంకోటి: వారంలో ఎన్ని రోజులు వేసుకుంటారన్నదానికే ఈ ఇబ్బందులతో గట్టి సంబంధం కనబడింది. మీకు వారానికి ఒక సెలవుంటుంది కదా, ఆ రోజు పూర్తిగా మానేయండి. ఇంట్లో వదులు చొక్కా చాలు. రోజుకి ఎనిమిది గంటలు దాటకూడదని సాధారణంగా చెప్తాం. మీ పది గంటల డ్యూటీకి ఆంటీగారి హుక్కులే దారి. భోజనానికి విప్పినప్పుడు చేతులు పైకెత్తి పది లోతైన శ్వాసలు తీయండి. వేసుకుని పడుకోవద్దు. దగ్గు, జ్వరం ఉన్న రోజుల్లో వద్దు. ఆస్తమా ఉంటే అసలు డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. కొత్తది మొదటి వారం రెండు మూడు గంటలే, తర్వాత మెల్లగా పెంచండి.

గోదారిగట్టు:

అందరికీ చాలా థాంక్సండి. బ్యాండేజీ తీసేశా. దగ్గితే పోటు లేదు, వంగితేనే పట్టేస్తోంది. అయినా రేపు ఆస్పత్రికెళ్లి చూపించుకుంటాను, నొప్పి తగ్గేదాకా స్పోర్ట్స్ బ్రా, బనియన్‌తో నెట్టుకొస్తాను. స్టోర్ రూంలో కెమెరా ఉందండి, హుక్కులు విప్పాలంటే బాత్రూమే, ఫర్వాలేదు. టేపు సంగతి చలికాలానికి గుర్తుంచుకుంటా.

ఆంటీ, రెండు డౌట్లు. టైలర్ దగ్గర ఏమని అడగను? ఉతికి ఎక్కడ ఆరెయ్యను? మా దాబా మీద ఒకటే దండెం, అమ్మే తీస్తుంది బట్టలు.

మెషిన్ ఆంటీ:

వీపు వంగిపోతోంది, నిటారుగా నిలబడ్డానికి ఫిజియో కుట్టించుకోమన్నాడని చెప్పు. పక్కనే ఫిజియోగారున్నారు, అబద్ధం కూడా కాదు. ఆరేయడానికి బెంగెందుకు, దండెం మీద చూస్తే లైనింగ్ జాకెట్టులాగే ఉంటుంది. అక్కకి తెలుసన్నావుగా, ఆమె బట్టల్లో కలిపెయ్. చల్లనీళ్లలో చేత్తో ఉతుకు, పిండకు, లైక్రా సాగిపోతుంది. సరిగ్గా ఆరకుండా వేసుకున్నావంటే తామర పట్టుకుంటుంది, అందుకే డబ్బు చూసుకుని రెండు కుట్టించు. ఒకే గుడ్డలో రెండు తీస్తే 850 అవుతుంది, నీ 800కి ఇంకో యాభై కలిపితే చాలు.

అక్కడ ఎవరినీ అడగలేకపోతే నాకు కొలతలు పంపు, కుట్టి నువ్వు చెప్పిన కొరియర్ ఆఫీసుకే పంపిస్తా, నువ్వే వెళ్లి తెచ్చుకో.

గోదారిగట్టు:

మీరే కుట్టండి ఆంటీ. కొలతలు అక్క చేత తీయించి విడిగా మెసేజ్ పెడతానండి, ఊపిరి పీల్చే కొలుస్తాం. హుక్కులు ఎడమ పక్క పెట్టండి, కుడిచేత్తో తీసుకోవడానికి వీలుగా ఉంటుంది.

మెషిన్ ఆంటీ:

ఎడమే పెడతా. నొప్పి తగ్గాక కొలుచుకోండి, ఇప్పుడు కొలిస్తే భయానికి నిండా పీల్చవు.