భరణం బకాయి: జీతం లేని క్యాబ్ డ్రైవర్ నుంచి రాబట్టేదెలా?

నేను లీగల్ ఎయిడ్ ప్యానెల్ అడ్వకేట్‌ని. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 144 కింద నా క్లయింటుకు నెలకు 6,000 రూపాయల మధ్యంతర భరణం ఆర్డరైంది. పది నెలలుగా పైసా రాలేదు. ఏడాది గడువు దాటకుండా వసూలు పిటిషన్ వేశాం. వారంట్ మూడుసార్లూ ‘ఇంటికి తాళం’ అనే ఎండార్స్‌మెంట్‌తోనే తిరిగొచ్చింది. రజనేష్ వర్సెస్ నేహా (2020) సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఇవ్వాల్సిన ఆస్తులు, అప్పుల అఫిడవిట్ కూడా భర్త వేయలేదు.

మనిషి మాత్రం హైదరాబాద్‌లోనే యాప్ క్యాబ్ నడుపుతున్నాడు. పక్కింటి అమ్మాయి బుక్ చేస్తే అతనే వచ్చాడట! కారు నంబరు, ఫొటోతో స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. కంపెనీకి నోటీసిస్తే, ‘డ్రైవర్లు మా ఉద్యోగులు కారు, జీతమనేదే లేదు’ అని జవాబిచ్చారు.

ఇలాంటి కేసులో యాప్ నుంచి డ్రైవర్ ఖాతాలో పడే డబ్బును అటాచ్ (జప్తు) చేయించినవాళ్లు ఉంటే, ఏ సెక్షన్ కింద పిటిషన్ వేశారో చెబుతారా?