అప్‌డేట్: మా నాయనకు మొలతాడు కింద వచ్చిన తామర

పోయినసారి అడిగింది ఇది: అనంతపురం ఎండలకు, చెమటకు మా నాయనకు మొలతాడు కింద తామర వచ్చింది, దురద తగ్గగానే క్రీమ్ ఆపేయొచ్చా అని. ఆపొద్దని చాలామంది చెప్పారు. చర్మం డాక్టర్ కూడా అదే మాట అన్నారు. మీ అందరికీ థ్యాంక్స్.

ఆయన రాసిచ్చింది క్లోట్రిమజోల్ 1 శాతం క్రీమ్, తామర తెచ్చే ఫంగస్‌కు వాడే మందు. రోజుకు రెండుసార్లు, కడిగి బాగా ఆరాక, మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల వరకు పల్చగా రాయాలి. కంటికి కనిపించే అంచు బయట కూడా ఫంగస్ ఉంటుందట. మచ్చ పోయాక కూడా 2 వారాలు రాయమన్నారు.

మందుల షాపులో ఇచ్చిన ట్యూబ్ మాత్రం పక్కన పెట్టించారు. అందులో క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ కలిసి ఉంది. దానితో ఎరుపు, దురద తొందరగా తగ్గుతాయి, కానీ ఫంగస్ పాకుతూనే ఉంటుంది, చర్మం పల్చబడుతుంది. దయచేసి ట్యూబ్ మీద మందు పేర్లు చదివి కొనండి.

మొలతాడు తీయడానికి నాయన ఒప్పుకోలేదు. అవ్వ గట్టిగా చెప్పాక తీసేశాడు. తువ్వాలు విడిగా పెట్టాం, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేస్తున్నాం. మచ్చ చాలావరకు తగ్గింది, క్రీమ్ ఇంకా నడుస్తోంది. ఇంట్లో అందరినీ చూసుకోమంటే తమ్ముడికీ తొడ దగ్గర చిన్నది బయటపడింది, వాడికీ మొదలుపెట్టాం.