మెరకకు తోలిన గ్రావెల్‌లో నున్నని పలుగురాళ్ళు: ఇవి గోదావరి తెచ్చినవేనా?

ప్రశ్న (రామచంద్రపురం నుంచి):
మా ఇంటి స్థలం పల్లంగా ఉన్నందున రాజానగరం వైపు నుంచి టిప్పర్లతో ఎర్ర గ్రావెల్ తోలించి మెరక చేయించాము. మొదటి వానకే మన్ను కరిగి, కోడిగుడ్డంత తెల్లని పలుగురాళ్ళు, వాటితోపాటు ముదురు ఎరుపు గుళికలు బయటపడ్డాయి. మా ఊళ్ళో బావి తవ్వితే నల్లమట్టి, ఇసుకే తప్ప రాయి తగలదు. నదికి అంత దూరాన, మెట్ట మీదికి ఈ గుండ్రని రాళ్ళు ఎలా చేరాయి? దయచేసి వివరించగలరు.

జవాబు 1 (రాజమహేంద్రవరం నుంచి):
అవి రాజమండ్రి ఇసుకరాయి అని పిలిచే పొరలకు చెందినవి కావచ్చునండీ. ద్వారకా తిరుమల మొదలుకొని పెద్దాపురం వరకు డెల్టాకు ఎగువన కనిపించే ఎర్రని మెట్టల్లో ఎక్కువ భాగం ఈ ఇసుకరాయే. కాతేరులోనూ, ఆవలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నం క్వారీల్లోనూ తీసే నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాటి లావా; ఈ ఇసుకరాయి దాని మీద పరుచుకుని ఉన్నది కనుక అంతకంటే తరువాతిదే. మయోసీన్, ప్లయోసీన్ యుగాలకు, అంటే సుమారు 2.3 కోట్ల నుంచి 26 లక్షల ఏళ్ళ మధ్య కాలానికి దీన్ని సాధారణంగా చేరుస్తారు. మీ ఊరి ఒండ్రు దీని ముందు నిన్న మొన్నటిది. నేటి డెల్టా పైపొరలు ప్రధానంగా గత కొన్ని వేల ఏళ్ళలో ఏర్పడినవే.

జవాబు 2 (పెద్దాపురం నుంచి):
పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఎరుపు గుళికలను, పలుగురాళ్ళను ఒకే గాటన కట్టకూడదు. గుళికను పగలగొట్టి చూడండి: లోపల ఉల్లిపొరల్లా ఇనుము చుట్లు కనిపిస్తే అది ఏ నదీ తెచ్చినది కాదు, వానలూ ఎండలూ మారిమారి వచ్చే వాతావరణంలో నేలలోనే ఇనుము పేరుకుని అక్కడే పుట్టినది. పలుగురాయి మాత్రం ఎక్కడో విరిగి, నీటిలో దొర్లి, మూలలు అరిగి వచ్చినది. ఖొండలైట్ (తూర్పు కనుమల కొండరాయి), బసాల్ట్ (పైన చెప్పిన నల్లరాయి) వంటివి కాలక్రమేణా మన్నైపోతాయి, పలుగురాయి నిలుస్తుంది. కాబట్టి గ్రావెల్‌లో అవి కనిపించనంత మాత్రాన ఎగువన ఆ కొండలు లేవని అనుకోరాదు.

ప్రశ్నించినవారు:
చాలా సంతోషమండీ. అయితే ఆ నీరు గోదావరిదే అని ఈ రాళ్ళను బట్టి చెప్పవచ్చునా?

జవాబు 2 (పెద్దాపురం నుంచి):
టిప్పర్‌లో వచ్చిన రాయిని బట్టి చెప్పలేమండీ, ఎందుకంటే దాని పొర, దిక్కు రెండూ పోయాయి. క్వారీ గోడ చూడాలి. వేగంగా పారే నీటిలో పలకబారిన రాళ్ళు ఒకదానిపై ఒకటి ఒరిగి, వాటి వాలు ఎగువ దిక్కుకు ఉంటుంది. ఆ దిక్కు చాలా రాళ్ళకు వాయవ్యంగా వస్తే పాపికొండల వైపు నుంచి వచ్చిన పెద్ద ప్రవాహమని, ఉత్తరంగా వస్తే దగ్గరి కొండవాగులని ఊహించే వీలుంటుంది. మీకు తోలిన క్వారీని ఇంకా పూర్తిగా తవ్వేయకపోతే, గోడకు దిక్సూచి, స్కేలు ఆనించి ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి.