బాపు పోయాక అడ్తిదారు కొత్త నోటు అడుగుతున్నాడు, సంతకం చేయాలా?

నెక్కొండ మిర్చి రైతు:
మా బాపు గత నెలలో గుండెపోటుతో పోయారు. పదకొండో రోజు కర్మ ముగిసి చుట్టాలు ఇంకా ఇంట్లో ఉండగానే, మాకు పెట్టుబడి ఇచ్చి పంట అమ్మిపెట్టే అడ్తిదారు వచ్చి ప్రామిసరీ నోటు చూపించాడు. 2022 జూన్ 14 తేదీ, 1,80,000 రూపాయలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అబద్ధం కాదు. అంతకు ముందు పంటను తామర పురుగు ఊడ్చేస్తే మళ్లీ విత్తనానికి, మందులకు తెచ్చిన అప్పే. ఇప్పుడు వడ్డీ కలిపి అమ్మ, నేను కొత్త నోటు రాయాలట. లేదంటే మూడెకరాలూ జప్తు చేయిస్తాడట. అమ్మకు రైతుబీమా 5 లక్షలు వస్తాయని అతనికి తెలుసు.

నన్ను తొలుస్తున్నది నోటు వెనుక వైపు. 2024 డిసెంబరులో ‘5,000 చెల్లు’ అని, అంటే బాపు అంత కట్టినట్టు రాసి, కింద వేలిముద్ర ఉంది. మా బాపు రాత్రిబడిలో సంతకం నేర్చుకున్న మనిషి. చివరి అక్షరాన్ని కొడవలిలా కిందికి లాగేవారు. ఎవరైనా వేలిముద్ర వేయమంటే ఒప్పుకోక, కళ్లద్దాలు తుడుచుకుని మరీ సంతకం చేసేవారు. నోటు ముందు వైపు ఆ సంతకమే ఉంది. రెండు వైపులా ఫొటో తీసుకున్నాను. బాకీ ఎగ్గొట్టాలని నాకు లేదు, బాపు మాట పోకూడదు. ఏం చేయాలి?

హన్మకొండ విశ్రాంత కోర్టు గుమాస్తా:
తమ్ముడూ, సంతకం చేయవద్దు. ఇప్పటికి అది మీ బాపు బాకీ. ఆయన ఆస్తిలో మీ చేతికి వచ్చినంత మేరకే మీరు బాధ్యులు. కొత్త నోటు రాస్తే మీ సొంత అప్పవుతుంది. నోటుపై దావాకు గడువు మూడేళ్లు, అది 2025 జూన్‌తో తీరింది. వెనుక చెల్లు నిజమైతేనే ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఆ చెల్లు నిలుస్తుందన్న ధీమా అతనికీ ఉండకపోవచ్చు. వేలిముద్రను పాత రిజిస్ట్రేషన్ కాగితాల మీది ముద్రతో నిపుణుల చేత పోల్పించమని కోర్టును అడగవచ్చు.

కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరూ గుంట భూమి కూడా జప్తు చేయలేరు. డిక్రీ, అంటే బాకీ కట్టాలని కోర్టు తీర్పు వస్తే భూమికి ముప్పు ఉంటుంది, ఆ మాట దాచను. రైతు ఉంటున్న ఇల్లు, సాగు పనిముట్లు మాత్రం జప్తుకు రావు. సమన్లు వస్తే తప్పక హాజరు కండి. అమ్మగారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేయండి.

నర్సంపేట అక్క:
తమ్ముడూ, మా ఆయన పోయినప్పుడు నేను ఆ సంతకం చేశాను. బీమా డబ్బు చేతికి వచ్చిన వారానికే చెయ్యి దాటిపోయింది, పిల్ల ఫీజుకు గొలుసు అమ్మాను. అమ్మ ఖాతాలో పడ్డ డబ్బును వెంటనే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించు. విరాసత్, అంటే భూమిని వారసుల పేరిట మార్పించడం, త్వరగా చేయించుకుంటే బ్యాంకులో పంట రుణం అడగవచ్చు. 1,80,000కు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 43,200. అదే పంట రుణం గడువులోగా కడితే నాలుగు శాతం, 7,200 రూపాయలు.

నెక్కొండ మిర్చి రైతు:
అన్నా, అక్కా, రాత్రి బాపు రేకుపెట్టె తీశాం. 2023, 2024 తక్‌పట్టీలు, అంటే పంట అమ్మినప్పుడు అడ్తిదారు ఇచ్చిన లెక్క చీటీలు దొరికాయి. రెండింటిలోనూ ‘బాకీ కింద’ అని 40,000 చొప్పున పట్టుకున్నట్టు అడ్తిదారు రాతే ఉంది. నోటు వెనుక మాత్రం ఆ 80,000 ఎక్కడా లేదు. సోమవారం అమ్మను వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి వెళ్తున్నాం.