ఫీజు మెసేజ్ ఎట్లా రాయాలి? ఆఫీసుకు మెయిల్ పెడితే జవాబు ఎందుకు రాదు?

కల్లూరు_స్కూలాఫీసు
అందరికీ నమస్తే. కర్నూలులో కల్లూరు వైపు ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చూస్తాను. తల్లిదండ్రులకు మెసేజ్‌లు, పై ఆఫీసులకు మెయిళ్లు అన్నీ నేనే పెట్టాలి. పోయిన వారం ఈ ఎస్ఎంఎస్ పంపాను:

"ప్రియమైన తల్లిదండ్రులారా, పలుమార్లు తెలిపినా ఫీజు చెల్లించని వారి పిల్లలను 24వ తేదీ నుంచి పరీక్షలకు అనుమతించబడదు."

లిస్టులో ఉన్న అందరికీ ఒకేసారి పోయింది. మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చింది. కూలికి పోయే మనిషి. కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన రసీదు తీసి నా బల్ల మీద పరిచింది. 18వ తేదీనే కట్టేసింది. ఆ మెసేజ్ ఆమె భర్త ఫోన్‌కు పోయింది. ఫీజుకిచ్చిన డబ్బు ఏం చేశావని రాత్రంతా గొడవంట. "మేము ఎగ్గొట్టేవాళ్ల మాదిరి కనిపిస్తున్నామా మేడమ్" అని ఏడ్చింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇంకోటి. పదకొండు మంది పిల్లల పేర్లలో అక్షర దోషాలు సరిచేయమని, అందరివీ కలిపి ఒక ఆఫీసుకు మూడుసార్లు మెయిల్ పెట్టాను. ఒక్కదానికీ జవాబు లేదు. తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా? మీకు జరిగినవి చెప్పండి, నేర్చుకుంటాను.

తాడిపత్రి_చీనీతోట
మెసేజ్‌లో అంకె లేకపోతే అది మెసేజే కాదక్కా. మాది చీనీ (బత్తాయి) తోట. రెండేళ్ల కిందట ఒక వ్యాపారి నాకు "రేటు బాగుంది, కాయ తీసుకురండి" అని పెట్టినాడు. ఏ రోజు రేటు, టన్ను ఎంత, ఏమీ లేదు. కూలోళ్లను పిలిచి కాయ కోయించి, బండి మాట్లాడి అనంతపురం యార్డుకు తోలితే అక్కడ రేటు పడిపోయి ఉంది. అడిగితే "నేను చెప్పింది మొన్నటి మాట" అన్నాడు. కోసిన కాయను తిరిగి చెట్టుకు అతికించలేం కదా. అప్పటి నుంచి ఎవరు ఏం పెట్టినా నేను మూడు అడుగుతాను: టన్ను ఎంత, ఏ రోజు, ఎన్ని గంటల వరకు. చెప్పకపోతే కోత మొదలుపెట్టను.

ఏడురోడ్ల_డీటీపీ_కడప
22 ఏళ్లుగా టైపింగ్ పనే చేస్తున్నా, నా మాట వినండి మేడమ్. మీ మెసేజ్ లెక్క కట్టాను. ఎస్ఎంఎస్ ఇంగ్లిష్‌లో అయితే 160 అక్షరాలు పడుతుంది. ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం మెసేజ్ 70 లెక్కలోకి పడిపోతుంది. పైగా గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్కూలు" కంటికి రెండక్షరాలు, లెక్కకు ఆరు. మీది 113. అంటే ఒక్కొక్కరికి రెండు ఎస్ఎంఎస్‌ల డబ్బు. అందులో "ప్రియమైన తల్లిదండ్రులారా" ఒక్కటే కామాతో కలిపి 25 తినేసింది. దాని బదులు పిల్లవాడి పేరు, బాకీ ఎంతో పెట్టి ఉంటే ఆ గొడవే లేదు.

మెయిల్ సంగతి. తెలుగు మ్యాటర్ ఎక్కడ టైపు చేయించారు? మా లాంటి షాపులో "అను" అనే పాత రకం తెలుగు ఫాంట్లలో కొట్టించి మెయిల్‌లో పేస్ట్ చేస్తే అవతల ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలిసిన చెత్త కనిపిస్తుంది. మీ కంప్యూటర్‌లో బాగానే ఉంటుంది కాబట్టి మీకు తెలియదు. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో కొట్టించండి, లేదా పీడీఎఫ్ చేసి జతపరచండి.

ప్రొద్దుటూరు_తెలుగయ్యవారు
అందరూ డబ్బు లెక్క చూస్తున్నారు, వాక్యం చూడండి. "పిల్లలను అనుమతించబడదు" అనేది తెలుగు వాక్యం కాదు. "పిల్లలను అనుమతించం" అనాలి, లేదా "పిల్లలు అనుమతించబడరు" అనాలి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఊరికే ఉండలేక చెబుతున్నాను. "బడు" చేర్చగానే అనేవాడు మాయమవుతాడు. ఎవరు అనుమతించరు? ఎవరితో మాట్లాడాలి? ఆ తల్లికి అదే తెలియలేదు. "24లోపు కట్టండి, ఇబ్బంది ఉంటే ఆఫీసుకు వచ్చి మాట్లాడండి" అని ఉంటే ఆమె బెదిరిపోయేది కాదు.

గుత్తి_బీటెక్
నా సంగతి చెబుతా. ఏడాదిపాటు ఉద్యోగాలకు మెయిళ్లు పెట్టాను. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలుపెట్టి ఇరవై లైన్లు రాసేవాణ్ణి. సబ్జెక్ట్ దగ్గర ఒట్టి "రెజ్యూమె". ఫైలు పేరు "రెజ్యూమె ఫైనల్ న్యూ 2". రెండుసార్లు అసలు ఫైలే జతచేయడం మరిచిపోయాను. మా సీనియర్ అన్న ఒకాయన కూర్చోబెట్టి అన్నీ మార్పించాడు. సబ్జెక్ట్‌లో ఉద్యోగం పేరు, నా పేరు, ఎప్పటి నుంచి చేరగలను. లోపల నాలుగు లైన్లు. ఫైలు ముందు జతచేసి, మ్యాటర్ రాసి, అవతలి వాళ్ల అడ్రసు అన్నిటికన్నా చివర కొట్టడం. జీమెయిల్‌లో పంపాక వెనక్కి తీసుకునే గడువు 5 సెకన్లే ఉండేది, సెట్టింగుల్లో 30కి మార్చుకున్నా. ఆ నెలలోనే రెండు చోట్ల నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడు పనిచేస్తున్నది అందులో ఒకదాంట్లోనే.

రిటైర్డ్_సూపరింటెండెంట్_అనంతపురం
అమ్మా, జవాబు రాకపోవడానికి కారణం నేను చెబుతాను. పదకొండు మంది సంగతి ఒకే మెయిల్‌లో పెట్టావు. సీట్లో ఉన్న గుమాస్తా తెరుస్తాడు. తొమ్మిది మందికి కాగితాలు సరిగ్గా ఉంటాయి, ఇద్దరికి ఉండవు. ఆ ఇద్దరి వల్ల తొమ్మిది మందీ ఆగిపోతారు. ఫైలు అంటే ఒక్కరిది. పదకొండు మెయిళ్లు విడివిడిగా పెట్టు.

మన ఆఫీసు లేఖల్లో "విషయం", "సూచిక" అని ఊరికే రాయలేదు. విషయం చూసి ఏ సీటుకు పోవాలో తెలుస్తుంది, సూచిక చూసి పాత కాగితం దొరుకుతుంది. మెయిల్ సబ్జెక్ట్‌లో విద్యార్థి పేరు, తరగతి, "పేరు సవరణ" అని రాయి. గుర్తు చేసేటప్పుడు కొత్త మెయిల్ మొదలుపెట్టకు, పాతదానికే రిప్లై కొట్టి మొదటిది ఏ తేదీన పంపావో రాయి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఆ మెయిళ్ల ప్రింటు తీసి ఇవ్వు.

ఏడురోడ్ల_డీటీపీ_కడప
సార్, మీ కాలం వేరు. ఇప్పుడు ఒకే స్కూలు నుంచి పదకొండు మెయిళ్లు వరుసగా పోతే విసుక్కుంటారు. ఒక పట్టిక, పదకొండు వరుసలు, తప్పు పేరు, ఒప్పు పేరు. చాలు.

రిటైర్డ్_సూపరింటెండెంట్_అనంతపురం
నాయనా, నువ్వు పట్టిక టైపు చేశావు. నేను ఆ పట్టికను చూసి సంతకం పెట్టే సీట్లో కూర్చున్నాను. రెండూ ఒకటి కావు.

ఆదోని_పత్తి_కమీషన్
అసలు తెలుగు లిపిలో ఎందుకప్పా ఇంత తిప్పలు? ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టేయండి. 160 అక్షరాలూ దొరుకుతాయి, అందరికీ అర్థమవుతుంది. నేను రోజుకు యాభై మంది రైతులకు అట్లే పెడతా.

ప్రొద్దుటూరు_తెలుగయ్యవారు
ఆ రాత చూస్తే నాకు కడుపు మండుతుంది. బ్రౌన్ దొర కడపలో కూర్చుని తాళపత్రాలు సేకరించి, 1852లో నిఘంటువు అచ్చువేయించాడు. పరాయి దేశస్థుడికి ఉన్న శ్రద్ధ మనకు లేకపోతే ఎట్లా? పిల్లలు స్కూలు నుంచి వచ్చే మెసేజ్‌ను కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో చదివితే "ళ"కూ "ల"కూ తేడా ఎక్కడ నేర్చుకుంటారు?

పులివెందుల_బెంగళూరు
అయ్యవారూ, మీరు గౌరవం గురించి అంటున్నారు, నేను ప్రాణం గురించి చెబుతాను. మా అమ్మ మందుల గురించి డాక్టరును అడిగి వదిన నాకు మెసేజ్ పెట్టింది, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. ఆమె ఉద్దేశం "ఆ బీపీ మాత్ర వాడు". నేను చదివింది "ఆ బీపీ మాత్ర వద్దు". ఆ రాతలో రెంటికీ మధ్య ఒక్క "డి" తేడా, తొందరలో కొడితే అదీ ఉండదు. అప్పుడు అమ్మ నా దగ్గరే ఉంది. నాలుగు రోజులు మాత్ర ఆపించాను. ఐదో రోజు అమ్మ బాత్‌రూమ్ గడప దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. దేవుడి దయ, పెద్ద దెబ్బ తగల్లేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మందుల సంగతి తెలుగు లిపిలోనే రాస్తాం, రాశాక ఫోన్ కూడా చేస్తాం.

ఆదోని_పత్తి_కమీషన్
అక్కా, అమ్మకు బాగైనందుకు సంతోషం. కానీ అయ్యవారికి ఒక మాట చెప్పాలి. మాది బోర్డరు. నా దగ్గరికి వచ్చే రైతుల్లో కన్నడం చదువుకున్నోళ్లు ఉన్నారు, ఉర్దూ చదువుకున్నోళ్లు ఉన్నారు. తెలుగు గడగడా మాట్లాడతారు, అక్షరం చదవలేరు. వాళ్లకు నేను తెలుగు లిపిలో పెడితే పక్కవాణ్ణి చదవమని అడగాలి. తన పత్తికి ఎంత వచ్చిందో పక్కవాడికి ఎందుకు తెలియాలి? అది వాళ్లకు గౌరవమా? మీరు బళ్లో కూర్చుని చెప్పినంత సులభం కాదు.

ప్రొద్దుటూరు_తెలుగయ్యవారు
వాళ్ల సంగతి వేరు. చదవగలిగినవాళ్లు కూడా బద్ధకించి రాస్తున్నారని నా బాధ.

ఆదోని_పత్తి_కమీషన్
బద్ధకం అనొద్దు సార్. పొద్దున నాలుగింటికి లేచి కాటా దగ్గర నిలబడే మనుషులం. ఆ మాట వెనక్కి తీసుకోండి.

ప్రొద్దుటూరు_తెలుగయ్యవారు
మిమ్మల్ని అనలేదు. అయినా నొప్పి కలిగింది కాబట్టి ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. లిపి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారదు.

నంద్యాల_ఆశా
మా పల్లెల్లో చాలామంది అమ్మలకు ఏ లిపీ రాదు. నేను వాయిస్ మెసేజ్ పెడతాను. "గురువారం పొద్దున 9కి అంగన్‌వాడీ దగ్గర టీకా, పాప కార్డు తీసుకురా." అంతే, పది సెకన్లు. రోజు పేరు రెండుసార్లు చెబుతాను. విన్నాక "వస్తా" అని ఒక్క మాట చెప్పమంటాను. చెప్పకపోతే ఇంటికి పోతాను.

తాడిపత్రి_చీనీతోట
పది సెకన్లయితే సరే తల్లీ. మా బామ్మర్ది నాలుగు నిమిషాలు పెడతాడు. అసలు సంగతి మూడున్నర నిమిషాల దగ్గర ఉంటుంది. ట్రాక్టరు మీద ఉండి ఎట్లా వినాలి?

గుత్తి_బీటెక్
ఒట్టి "హాయ్" పెట్టి ఆగిపోయేవాళ్ల గురించి కూడా మాట్లాడండి. మనం "చెప్పండి" అంటే రెండు గంటలకు "ఏం లేదు, ఒక సాయం" అంటారు. సాయం ఏందో మర్నాడు తెలుస్తుంది. నాకు చాలా టెన్షన్ పెట్టే విషయం అది.

కల్లూరు_స్కూలాఫీసు
అందరికీ ధన్యవాదాలు. నాలుగు రోజులు పని ఒత్తిడిలో రాలేకపోయాను.

ముందు ఆ తల్లికి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను, మెసేజ్ పెట్టలేదు. భర్తతో కూడా మాట్లాడాను. ఆయన "సరేలే మేడమ్" అన్నాడు. ఆమె మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "రసీదు నా దగ్గరే పెట్టుకుంటా" అంది.

ఎస్ఎంఎస్‌లో మాటలు మన ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ముందే రిజిస్టర్ చేయించిన మ్యాటరే పోవాలి. అందుకే పేరు, మొత్తం, తేదీ ఖాళీలుగా పెట్టి కొత్త మ్యాటర్ అనుమతికి పంపించాం. అది వచ్చేదాకా వాట్సాప్‌లో ఒక్కొక్కరికి ఇలా పెడుతున్నాను. పిల్లవాడి పేరు, 6వ తరగతి అని మొదలుపెట్టి:

"రెండో టర్మ్ ఫీజులో 4,500 మిగిలింది. 24లోపు కట్టగలరా? ఇప్పటికే కట్టి ఉంటే రసీదు ఫొటో పంపండి. ఇబ్బంది ఉంటే సాయంత్రం 4 తర్వాత ఫోన్ చేయండి, మాట్లాడుకుందాం."

అరవై మందికి పెట్టాను. ఇరవై మందికి పైగా అదే రోజు ఫోన్ చేశారు. ఒకరిద్దరు రెండు విడతలుగా కడతామన్నారు, మా స్కూలు సార్ ఒప్పుకున్నారు. ఒకరికి అంకె తప్పు కొట్టాను, 15 నిమిషాల్లోపే చూసుకున్నాను కాబట్టి ఎడిట్ చేయగలిగాను.

మెయిల్ దగ్గర అసలు తప్పు వేరే బయటపడింది. స్కాన్ కాపీలు అన్నీ కలిపి 25 ఎంబీ దాటిపోయాయి. జీమెయిల్ వాటిని డ్రైవ్ లింకుగా మార్చేసింది, నేను చూసే అనుమతి ఇవ్వలేదు. అవతల ఎవరికీ తెరుచుకోలేదు. సూపరింటెండెంట్ గారు చెప్పినట్టే ఒక్కొక్కరిది విడిగా, చిన్న పీడీఎఫ్‌లు చేసి ఆ ఆఫీసుకు పంపాను. ఏడుగురివి సరిపోయాయని నిన్న జవాబు వచ్చింది. నలుగురికి బర్త్ సర్టిఫికెట్ కావాలన్నారు.

ఏడురోడ్ల_డీటీపీ_కడప
లింకు సంగతి నాకు తట్టాల్సింది, మొదట్లోనే అడగాల్సింది. ఈసారి స్కాన్ చేసేటప్పుడు బ్లాక్ అండ్ వైట్ పెట్టించండి, స్పష్టత 150 డీపీఐ చాలు. ఫైలు సైజు బాగా తగ్గిపోతుంది.

రిటైర్డ్_సూపరింటెండెంట్_అనంతపురం
ఆ నలుగురికీ పాత మెయిల్‌కే రిప్లై కొట్టు తల్లీ. కొత్తది పెట్టకు.

నంద్యాల_ఆశా
అక్కా, ఆ రసీదు ఫొటోలు ఏ నంబరుకు పంపమన్నారు? మీ సొంతదైతే రాత్రి పదకొండింటికి కూడా వస్తాయి. నాకు అట్లే వస్తున్నాయి.

కల్లూరు_స్కూలాఫీసు
నా నంబరే ఇచ్చాను. నిన్న రాత్రి పదిన్నరకు మూడు వచ్చాయి. స్కూలుకు వేరే ఫోను కొనమని రేపు సార్‌ను అడుగుతాను.